‘కెమికల్ లేని’ రేవల్చిన్ని

కర్నూలు పాతబస్తీలో మందుల అంగడి నడిపే ఎవరిని అడిగినా చెప్తారు, పగలంతా బీపీ మాత్రలూ షుగర్ మాత్రలూ అమ్ముడుపోయాక, సాయంత్రం జనం పలచబడే వేళకి గొంతు తగ్గించి అడిగే మందు ఒకటుంటుందని. "ఏం పాపా, మోషన్ ఫ్రీగా కావడానికి ఏదన్నా ఇయ్యి, కెమికల్ ఉండేది మాత్రం వద్దు." అడిగేది ఎక్కువగా అరవై దాటిన పెద్దాయనలు, వాళ్ల వెనకే వచ్చి నిలబడే కోడళ్లు. చూర్ణం డబ్బా తీసిస్తే, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ కనపడగానే వాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది. నా కన్ను మాత్రం ఆ డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉండే జాబితా మీదే ఉంటుంది. సునాముఖి, కరక్కాయ, సోంపు, సైంధవ లవణం, కొన్నింట్లో రేవల్చిన్ని. మొదటి నాలుగూ అందరికీ తెలుసు. చివరిదాని గురించే, "ఇదేందమ్మా, చిన్నపిల్లల పేరు మాదిరి ఉంది?" అని అడుగుతారు.

ఇంగ్లీషులో రూబార్బ్ అంటారు చూడండి, దాని వేరే ఈ రేవల్చిన్ని. బీఫార్మసీలో ఫార్మకాగ్నసీ, అంటే మూలికల మందుల శాస్త్రం, చదివిన ఎవరికైనా ఈ వేరు గుర్తుండిపోతుంది, ఎందుకంటే ఇంత చిన్న ముక్కలో అన్ని రకాల రసాయనాలు ఇరికించుకున్న మూలికలు తక్కువ. కెమికల్ వద్దన్నవాళ్ల చేతిలో నేను పెట్టేది, నిజానికి, నా అంగడిలోని చాలా మాత్రలకంటే ఎక్కువ కెమికల్స్ ఉన్న సరుకు. మాత్రలో మందు ఒకటే ఉంటుంది, ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. ఈ వేరులో పనిచేసేవి డజన్ల కొద్దీ ఉంటాయి, ఏది ఎంతుందో మామూలు డబ్బా మీద ఎవరూ రాయరు. ఈ సంగతి కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మా ఊళ్లో దీనికి ఇంకో పేరు కూడా నడుస్తుంది, రేవంద్ చీనీ. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ మెడికల్ కాలేజీ ఉంది కదా, ఆ వైద్యం తెలిసిన హకీములు రాసే చీటీల్లో ఇలాగే ఉంటుంది. యునానీలో దీన్ని విరేచనానికే కాదు, కాలేయానికి కూడా వాడతారు, శర్బత్-ఎ-దీనార్ అనే పాత సిరప్‌లో ఇదొక దినుసు. మూలికలంగడిలో అడిగితే పసుపు, గోధుమ రంగులు కలిసిన గట్టి ముక్కలు పొట్లం కట్టిస్తారు. వాసన కొంచెం ఘాటుగా, పాత బీరువా తెరిచినట్టు ఉంటుంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని నమిలితే మొదట చేదు, తర్వాత వగరు, ఆ తర్వాత పళ్ల కింద ఇసుక పడినట్టు కరకర. ఆ కరకర మట్టి కాదు. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, మైక్రోస్కోప్ కింద పెడితే గులాబీ పువ్వుల్లాగా గుత్తులుగా కనిపిస్తాయి. ఉమ్మి పసుపుపచ్చగా మారుతుంది. పొడిని చూసి పోల్చుకోవడానికి మాకు నేర్పిన గుర్తుల్లో ఈ స్ఫటికాలు ముఖ్యమైనవి.

మొక్క మాత్రం మన దగ్గర పుట్టేది కాదు. రీయమ్ అనే జాతిలో చాలా రకాలున్నాయి. చైనావాళ్లు దాహ్వాంగ్ అని పిలిచేది రీయమ్ పాల్మేటమ్, రీయమ్ టాంగుటికమ్, రీయమ్ అఫిసినాలే అనే మూడు రకాల వేరు. మన దేశంలో దొరికేది ఎక్కువగా రీయమ్ ఆస్ట్రేల్, పాత పుస్తకాల్లో రీయమ్ ఎమోడీ అని రాసేవారు. కశ్మీర్ నుంచి హిమాచల్, ఉత్తరాఖండ్ మీదుగా సిక్కిం దాకా, సుమారు మూడు వేల మీటర్ల ఎత్తుల్లో పెరుగుతుంది. వేరు మందుకు పనికిరావాలంటే మొక్కకు కొన్నేళ్ల వయసు రావాలి, తవ్వితే మొక్క పోతుంది, అందుకే హిమాలయాల్లో అడవి మొక్కలు బాగా తగ్గిపోయాయి. ఇక యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు ఎర్రటి కాడలు కోసి, చక్కెర పోసి, పై చేసుకుని తింటారే, అది ఇదే జాతిలోని తోట రకం. మా పిన్ని కూతురు అక్కడుంటుంది, ఆ కాడలతో జామ్ చేసి ఫోటో పెట్టి "అక్కా ఇది కడుపుకి మంచిదంట కదా" అని అడిగింది. కాడ వేరు, వేరు వేరు (నవ్వకండి). కాడలో ఉండేది ముఖ్యంగా మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం, పీచు, ఆ ఎరుపుకి కారణమైన ఆంథోసయనిన్లు. విరేచనం చేయించే సరుకు ప్రధానంగా వేరులోనే ఉంటుంది.

ఆ సరుకు పేరు ఆంత్రాక్వినోన్లు. మూడు ఉంగరాలు పక్కపక్కన అతికించినట్టుండే అణువులు, పసుపు నుంచి నారింజ దాకా రంగు. రేవల్చిన్నిలో ముఖ్యమైనవి ఐదు: ఎమోడిన్, ఆలో-ఎమోడిన్, రీన్, క్రైసోఫానాల్, ఫిసియాన్. వీటికి చక్కెర అణువు తగిలించి ఉన్న రూపాన్ని గ్లైకోసైడ్ అంటాం. ఇవి కాక, రెండేసి అణువులు జతకట్టినవి ఉంటాయి, సెనోసైడ్లు అంటారు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? సునాముఖి ఆకులో ఉండేవి ఇవే. అంటే సునాముఖి, రేవల్చిన్ని రెండూ కలిపిన చూర్ణం వేసుకుంటే ఒకే మందును రెండు దారుల్లో వేసుకున్నట్టే. కలబంద ఆకు కోసినప్పుడు తొక్క కింది నుంచి కారే పసుపు పాలలో ఉండేదీ ఈ కుటుంబానికి చెందినదే, రేలకాయ గుజ్జులోనూ ఇవి ఉన్నాయి. మన పల్లెల్లో పాతకాలం నుంచి విరేచనాలకు వాడే మూలికలు చాలామటుకు చివరికి ఈ మూడు ఉంగరాల దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఆముదం మాత్రం వేరే కథ.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఈ చక్కెర తగిలించిన రూపంలో ఉన్న మందు మింగితే కడుపులో ఏమీ చేయదు. చిన్నపేగులో కూడా పెద్దగా ఏమీ జరగదు, అది అరగదు, రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, అలాగే పెద్దపేగు దాకా ప్రయాణం చేస్తుంది. అక్కడ మన బ్యాక్టీరియా కాచుకుని ఉంటాయి. వాటి ఎంజైములు ఆ చక్కెరను కొరికేసి, మిగిలినదాన్ని రీన్ ఆంత్రోన్ అనే పదార్థంగా మారుస్తాయి. అసలు మందు అదీ. పేగులో బ్యాక్టీరియా ఏమీ లేకుండా ల్యాబ్‌లో పెంచిన ఎలుకలకు సెనోసైడ్ ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ విరేచనాలు కాలేదు, సరైన బ్యాక్టీరియాను వాటి పేగులోకి చేర్చాక అయ్యాయి. కాబట్టి ఈ మందును తయారుచేసే ఫ్యాక్టరీ చూర్ణం కంపెనీలో కాదు, మన పొట్టలోనే ఉంది. రాత్రి వేసుకుంటే తెల్లవారుజామున పనిచేయడానికి కారణమిదే. పెద్దపేగు దాకా పోవాలి, అక్కడ వంట జరగాలి, ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. "నిన్న మధ్యాహ్నం వేసుకున్నా, సాయంత్రం దాకా ఏమీ కాలేదు, ఇంకో రెండు చెంచాలు వేసుకున్నా, రాత్రంతా బాత్రూమ్‌లోనే" అని ఒక పెద్దాయన వచ్చి నా మీద కేకలేశారు. ఆయన పొట్టలో ఫ్యాక్టరీ బాగానే పనిచేసింది, రెండు ఆర్డర్లు ఒకేసారి డెలివరీ అయ్యాయి, అంతే. యాంటీబయాటిక్ కోర్సు వాడుతున్నవాళ్లకు ఇదే చూర్ణం సరిగ్గా పనిచేయకపోవచ్చు, ఎందుకంటే వంటవాళ్లు సగంమంది లీవులో ఉంటారు.

రీన్ ఆంత్రోన్ ఏం చేస్తుందంటే, పెద్దపేగు గోడను రెచ్చగొడుతుంది. మామూలుగా పెద్దపేగు చేసే పని మలంలోంచి నీళ్లు వెనక్కి లాక్కోవడం. ఇది ఆ లాక్కునే పనిని తగ్గించి, పైగా పేగు కదలికలు పెంచుతుంది. నీళ్లు లోపలే ఉండిపోతాయి, మలం మెత్తబడుతుంది, పేగు తోస్తుంది. కొంతమందికి కడుపు మెలిపెట్టేది ఈ తోపుడు వల్లే, సోంపు, శొంఠి లాంటివి చూర్ణంలో కలిపేది ఆ నులిమి తగ్గుతుందనే. ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ గ్రెగరీ పేరుతో బ్రిటన్‌లో చాలాకాలం నడిచిన గ్రెగరీ పౌడర్ కూడా అంతే, రేవల్చిన్ని, శొంఠి, మెగ్నీషియా. మన చూర్ణం ఫార్ములాదీ వాళ్లదీ ఒకటే దారి.

అయితే ఈ వేరుకు ఇంకో ముఖం ఉంది. సునాముఖికీ దీనికీ పెద్ద తేడా అక్కడే. ఇందులో ట్యానిన్లు దండిగా ఉంటాయి, నమిలినప్పుడు నోరు వగరుగా బిగుసుకుపోయేది వాటి వల్లే. ట్యానిన్లు పేగు గోడను కూడా అలాగే బిగిస్తాయి. అంటే ఒకే ముక్కలో విరేచనం చేయించేదీ ఉంది, విరేచనం కట్టేసేదీ ఉంది. కొంచెం మోతాదులో ట్యానిన్లదే పైచేయి, అందుకే పాత వైద్యులు చిటికెడు పొడిని భేదులు కట్టడానికి ఇచ్చేవారు. ఎక్కువ మోతాదులో ఆంత్రాక్వినోన్లు గెలుస్తాయి. గెలిచి వెళ్లిపోయాక ట్యానిన్లు మిగిలిపోయి రెండోరోజు మళ్లీ బిగుసుకుంటుంది. "మొదటిరోజు బ్రహ్మాండంగా అయింది పాపా, తర్వాత మునుపటికంటే గట్టిపడింది" అని చెప్పేవాళ్లలో కొందరి బాధ ఇదే, మళ్లీ డబ్బా తీయడం, మళ్లీ బిగుసుకోవడం, ఆ చక్రంలో పడిపోతారు.

చైనా వైద్యులు దీన్ని వంటలో నేర్పుగా వాడుకున్నారు. విరేచనం కావాలంటే వేరు ముక్కను కషాయంలో చివర్లో వేసి కొద్దిసేపే మరగనిస్తారు. విరేచనం అక్కర్లేదు, మిగతా గుణాలు చాలు అనుకుంటే ముందుగానే వేసి బాగా మరిగిస్తారు, లేదా సారాతో కలిపి ఆవిరి మీద ఉడికించి ఎండబెడతారు. ఎక్కువసేపు వేడి తగిలితే చక్కెర తగిలిన రూపాలు, ముఖ్యంగా సెనోసైడ్లు, విడిపోతాయి. విడిపోయిన ఆంత్రాక్వినోన్లు పెద్దపేగు దాకా పోకుండా పైనే చాలావరకు రక్తంలోకి ఎక్కేస్తాయి, విరేచన బలం పడిపోతుంది. ఈ కెమిస్ట్రీ ఏదీ తెలియకుండానే వందల ఏళ్లు దాన్ని సరిగ్గా చేశారు. మన దగ్గర "చూర్ణం కషాయం కాచుకుని తాగొచ్చా" అని అడిగేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే, కాచుకోవచ్చు గానీ ఎంతసేపు కాచారన్నదాన్ని బట్టి అది వేరే మందు అయిపోతుంది.

రంగు గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి లాభం లేదు. ఆంత్రాక్వినోన్లకు క్షారం తగిలితే ఎర్రగా మారతాయి. మాకు కాలేజీలో బార్న్‌ట్రాగర్ పరీక్ష అని చేయించేవారు, అమ్మోనియా పోయగానే గులాబీ రంగు వచ్చేది. ఇంట్లో అయితే రేవల్చిన్ని పొడిలో కాస్త సున్నపు తేట పోసి చూడండి, ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తాం కదా, చూడ్డానికి అచ్చం అలాగే. చిక్కేమిటంటే, రేవల్చిన్ని పొడిలో కల్తీ చేయడానికి ఒకప్పటి నుంచీ వాడుతున్నది కూడా పసుపే, కాబట్టి ఎర్రబడింది గదా అని అసలు సరుకని నమ్మడానికి లేదు. పసుపులో ఉండే కర్క్యూమిన్ వేరే రసాయనం, దాన్ని పట్టుకోవడానికి బోరిక్ ఆమ్లంతో వేరే పరీక్ష ఉంది. ఇంకో కల్తీ, మందు రకానికి బదులు తోట రకం వేరును కలపడం. తోట రకంలో రాపాంటిసిన్ అనే పదార్థం ఎక్కువ, అతినీలలోహిత దీపం కింద అది నీలంగా మెరుస్తుంది. అందుకే ముక్కలు కొనండి, పొడి కొనకండి అని మూలికలంగడికి పోయేవాళ్లకు చెప్తుంటాను.

ఈ రంగు వల్లే నాకు పొద్దున్నే ఫోన్లు వస్తాయి. "మేడమ్, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది, కామెర్లా?" అని. రాత్రి చూర్ణం వేసుకున్నారా అంటే అవునంటారు. రక్తంలోకి ఎక్కిన కాస్త ఆంత్రాక్వినోన్ కిడ్నీల ద్వారా బయటకు పోతుంది, మూత్రం ఆమ్లంగా ఉంటే పసుపు, గోధుమ రంగు, క్షారంగా ఉంటే ఎరుపు ఛాయ. మందు మానేస్తే ఒకటి రెండు రోజుల్లో మామూలవుతుంది. కాకపోతే, లేదా కళ్లు కూడా పచ్చబడితే, అప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. పాలిచ్చే తల్లులు వాడితే పాలలోకి కూడా కొంచెం పోతుంది, అందుకే వాళ్లకూ, గర్భిణులకూ, పన్నెండేళ్లలోపు పిల్లలకూ దీన్ని ఇవ్వం.

మోకాళ్ల నొప్పులకు మీ ఇంట్లో ఎవరైనా డయాసెరీన్ వాడుతున్నారా? కర్నూల్లో ఎముకల డాక్టర్ల చీటీల్లో తరచుగా కనపడుతుంది, యాభై మిల్లీగ్రాముల క్యాప్సూల్, చాలాసార్లు గ్లూకోసమైన్‌తో కలిపి. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే ఎవరూ నమ్మరు. పైన చెప్పిన రీన్ ఉంది చూడండి, దానికి రెండు ఎసిటైల్ ముక్కలు తగిలిస్తే డయాసెరీన్. శరీరంలోకి పోయాక ఆ ముక్కలు ఊడిపోయి మళ్లీ రీన్‌గానే మారుతుంది. కీలులోని మృదులాస్థిని తినేసే ఇంటర్‌ల్యూకిన్-1 అనే పదార్థాన్ని అది అడ్డుకుంటుంది. నొప్పి తగ్గడం వెంటనే తెలియదు, కొన్ని వారాలు పడుతుంది. రీన్ కాబట్టి దాని పుట్టింటి గుణం పోలేదు, భేదులు, మూత్రం రంగు మారడం, రెండూ ఉంటాయి. 2014లో యూరప్ మందుల సంస్థ దీని మీద ఆంక్షలు పెట్టింది. 65 ఏళ్లు, ఆపైబడిన వాళ్లకు సిఫారసు చేయడం లేదని, మొదటి రెండు నుంచి నాలుగు వారాలు రోజుకి సగం మోతాదే, అంటే యాభై మిల్లీగ్రాములే, సాయంత్రం పూట ఇవ్వాలని, కాలేయ జబ్బు ఉంటే ఇవ్వకూడదని. ఇప్పుడు ఊహించండి, మోకాళ్లకు డయాసెరీన్ వాడుతున్న అవ్వ, మలబద్ధకానికి రేవల్చిన్ని చూర్ణం కూడా మొదలుపెడితే ఏమవుతుందో. ఒకటి ‘ఇంగ్లీషు మందు’, ఇంకోటి ‘మన మందు’ అనుకుంటారు. లోపలికి పోయాక రెండూ చుట్టాలే.

మిగతా గుణాల గురించి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగేంత సరుకు వాటిలో లేదు. పెదాల మీద వచ్చే హెర్పిస్ పుళ్లకు సేజ్ ఆకు, రేవల్చిన్ని కలిపిన క్రీమును 2001లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎసైక్లోవిర్ క్రీముతో పోల్చి చూస్తే దాదాపు సమానంగా, వారంలోపు మానాయి. బాగుంది గానీ ఒక చిన్న పరిశోధన అది. తోట రకం వేరు నుంచి తీసిన ఒక ఎక్స్‌ట్రాక్ట్‌ను జర్మనీలో మెనోపాజ్ వేడి ఆవిర్లకు వాడుతున్నారు, కల్తీ అని పైన తిట్టానే, ఆ రాపాంటిసిన్ ఉన్నదే. ఎమోడిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని వచ్చే ఫార్వర్డులు గాజు పళ్లెంలో పెంచిన కణాల గురించి, మనుషుల గురించి కాదు. అన్నిటికంటే నాకు భయం కిడ్నీ ఫార్వర్డు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే లెక్క) తగ్గిస్తుందని చైనాలో దీన్ని కిడ్నీ రోగులకు వాడిన మాట నిజం, వాటి మీద చాలా పరిశోధనలూ చేశారు. కాక్రేన్ సంస్థ వాళ్లు 2012లో అవన్నీ కలిపి చూసి, పరిశోధనల నాణ్యత తక్కువ, దీన్ని నమ్ముకోవడానికి ఆధారం చాలదని తేల్చారు. కిడ్నీ ఇప్పటికే నలిగి ఉన్నవాళ్లు భేదులతో నీళ్లూ, పొటాషియమూ పోగొట్టుకుంటే, అందులోనూ మన మే నెల ఎండల్లో, క్రియాటినిన్ ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు.

ఆక్సాలిక్ ఆమ్లం మాట వచ్చింది కాబట్టి, ఆకు సంగతి. రూబార్బ్ ఆకు తినకూడదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో కూరగాయల కొరత వస్తే ఈ ఆకును కూరగా వండుకోమని సలహాలిచ్చారు, తిన్నవాళ్లు జబ్బుపడ్డారు, చావులు కూడా జరిగాయి. ఆక్సాలిక్ ఆమ్లం ఒక్కటే లెక్కేస్తే ప్రాణం పోవాలంటే కిలోల కొద్దీ ఆకు తినాలి, కాబట్టి ఆకులోని ఆంత్రాక్వినోన్ గ్లైకోసైడ్లు కూడా కారణమై ఉంటాయని కొందరి అనుమానం. ఇదంతా మనకెందుకంటే, రేవల్చిన్నికి మన వంటింట్లో ఒక దగ్గరి చుట్టం ఉంది. చుక్కకూర. రెండూ పాలిగోనేసీ కుటుంబమే. సంగటిలోకి పుల్లగూర చేసుకుంటాం కదా, అందులో చుక్కకూర పులుపు ఆక్సాలిక్ ఆమ్లానిదే. కంగారు పడొద్దు, మనం తినే మోతాదుకు ఏమీ కాదు, మా జేజి ఎనభై దాటేదాకా తినింది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం చుక్కకూర, పాలకూర తగ్గించుకోవాలి. తింటే పెరుగుతోనో మజ్జిగతోనో తినాలి, పాలలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుని బయటకు తీసుకుపోతుంది. రాళ్లు కాల్షియంవి కదా అని పెరుగు మానేసేవాళ్లను చూస్తే నాకు నెత్తి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ వేరు కోసం దేశాలు కొట్టుకున్నంత పని చేశాయి. 1727 తర్వాత రష్యా, చైనా సరిహద్దులోని క్యాఖ్తా ఊరి మీదుగా దీని వ్యాపారం నడిచింది, రష్యా ప్రభుత్వం తన గుత్తాధిపత్యంలో పెట్టుకుని ప్రతి ముక్కనూ తనిఖీ చేయించేది, పుచ్చువి ఉంటే అక్కడే కాల్చేసేవారు. ఇప్పటి మన మూలికలంగళ్లకు అలాంటి ఇన్‌స్పెక్టర్ ఒకడుంటే ఎంత బాగుండు. 1839లో నల్లమందు గొడవ ముదిరినప్పుడు చైనా అధికారి లిన్ జెషు విక్టోరియా రాణికి రాసిన ఉత్తరంలో, మా టీ ఆకు, రేవల్చిన్ని లేకుండా మీ దేశాలు ఒక్కరోజు గడపలేవు అన్న ధోరణిలో రాశాడు. ఇవి ఆపేస్తే మలబద్ధకంతో దారికొస్తారని ఆయన లెక్క. పాపం, రాలేదు.

మోతాదు లెక్క ఒకటి చెప్తాను, ఇది కాగితం మీద రాసిపెట్టుకోండి. యూరప్ ఫార్మకోపియా (మందుల నాణ్యత ప్రమాణాల పుస్తకం) ప్రకారం మంచి వేరులో ఆంత్రాక్వినోన్ రకాలు కనీసం 2.2 శాతం ఉండాలి. అంటే గ్రాము పొడిలో 22 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు యూరప్ మందుల సంస్థ చెప్పే రోజు మోతాదు 20 నుంచి 30 మిల్లీగ్రాములు, రాత్రి ఒక్కసారి. అంటే ఒక గ్రాము, మహా అయితే గ్రామున్నర. మన ఇళ్లలో టీ చెంచా నిండా తీస్తే రెండు, మూడు గ్రాములు సులువుగా వస్తుంది. వాడేది కూడా వారం, ఎక్కువలో ఎక్కువ రెండు వారాలు. ఏళ్ల తరబడి వాడేవాళ్లకు కొలనోస్కోపీ చేస్తే పేగు గోడ చిరుతపులి చర్మం మాదిరి గోధుమ, నలుపు మచ్చలతో కనిపిస్తుంది, మెలనోసిస్ కోలై అంటారు. మందు మానేస్తే నెమ్మదిగా పోతుంది, అది క్యాన్సర్ కాదు. అయితే ఇదే మూడు ఉంగరాల కుటుంబంలో ల్యాబ్‌లో తయారుచేసిన డాంత్రోన్ అనే విరేచన మందు ఎలుకల్లో కణుతులు తెప్పించడంతో చాలా దేశాలు దాన్ని తీసేశాయి. రేవల్చిన్ని మీద అలాంటి నేరం రుజువు కాలేదు, కానీ రోజూ నాష్టా తిన్నట్టు తినే వస్తువు మాత్రం కాదిది.

అందుకే కెమికల్ లేనిది కావాలన్నవాళ్లను నేను కొన్ని ప్రశ్నలడుగుతాను, కొందరికి విసుగు. గుండెకు డిజాక్సిన్ వాడుతున్నారా, కాళ్ల వాపుకు నీళ్ల మాత్ర వేసుకుంటున్నారా? అలా అయితే రేవల్చిన్ని, సునాముఖి రెండూ వద్దు, భేదులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, నొప్పులకు ట్రామడాల్ ఏమైనా ఉన్నాయా? అసలు మలబద్ధకం తెచ్చిపెట్టింది అవే అయ్యుండొచ్చు, డాక్టర్‌ను అడిగి అవి మార్చుకుంటే చూర్ణంతో పనే ఉండదు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ తెల్లన్నం, మధ్యలో నీళ్లు రెండు గ్లాసులు, ఇదే రోజూ తిండి అయితే ముందు జొన్నరొట్టె, కూర, నీళ్లు. అయినా కాకపోతే ఇసబ్‌గోల్, అది పీచు మాత్రమే, పేగును రెచ్చగొట్టదు, కానీ నీళ్లు దండిగా తాగకపోతే అదే గడ్డకట్టి కూర్చుంటుంది. అప్పటికీ కాకపోతే అప్పుడు కొద్ది రోజులకు చూర్ణం, చెంచా కొలిచి.

యాభై దాటాక ఉన్నట్టుండి అలవాటు మారినవాళ్లు, మలంలో రక్తం పడేవాళ్లు, కారణం లేకుండా బరువు తగ్గినవాళ్లు, కడుపు ఉబ్బి వాంతులవుతున్నవాళ్లు కూడా చూర్ణమే అడుగుతారు. వాళ్లకు డబ్బా ఇవ్వను, పెద్దాసుపత్రికి పొమ్మంటాను. కొందరు పక్క అంగడికి పోయి కొనుక్కుంటారు, ఆ సంగతీ నాకు తెలుసు.